గోడ పట్టుకుని నడిచేవాళ్ళు

ఫిబ్రవరి 3, సోమవారం

మా కాన్వెంటు బడిలో మరమ్మతు పని మొదలైంది. వరండా నిండా పరంజా కర్రలు దించారు. నూట ముప్పై ఏళ్ళ కట్టడం ఇవాళ ఆపరేషన్‌కి పడుకోబెట్టిన ముసలావిడలా ఉంది. చుట్టూ నిలబడి అందరూ ఆవిడకి వినపడేలా ఆవిడ జబ్బుల గురించే మాట్లాడుకుంటున్నారు.

పాత భాగాన్ని బాగుచేస్తారు. వెనక నాలుగు గదులు కొత్తగా కట్టి కలుపుతారు. కలిపేది లైబ్రరీ గుండా. అంటే నా కిటికీ తలుపవుతుంది. కిటికీ కింది బల్ల తీసేయమని కాగితం వచ్చింది. ఆ బల్ల దగ్గర విద్యార్థినిగా ఐదేళ్ళు కూర్చున్నాను, లైబ్రేరియన్‌గా నాలుగేళ్ళు.

కాగితం కింద ఇంజనీరు సంతకం చూసి రెండోసారి చదివాను. స్కూల్లో నా పక్కన కూర్చున్న నిచ్చెన.

పెద్ద సిస్టర్‌కి ముందే తెలుసట. నాకు చెప్పడం మరిచిపోయారట.

పెద్ద సిస్టర్ ఏదీ మరిచిపోరు.

ఫిబ్రవరి 4, మంగళవారం

వచ్చింది. ఇంకా పొడుగైనట్టుంది. స్కూల్లో పై అరలోని పుస్తకం దించాలంటే అందరూ దాన్నే పిలిచేవాళ్ళు, అందుకని నిచ్చెన. నేను ఎప్పుడూ గోడకి చెయ్యి ఆనించుకుని నడిచేదాన్ని, అందుకని బల్లి. ఇద్దరిదీ ఒకే బెంచి. మొదటి ర్యాంకు దానిది, రెండోది నాది. ఐదేళ్ళూ అంతే. తొమ్మిదో తరగతిలో దానికి జ్వరం వచ్చి పరీక్ష రాయనప్పుడు నాకు మొదటి ర్యాంకు వచ్చింది. దాన్ని నేను లెక్కలో వేసుకోను.

"ఏయ్ బల్లీ!" అని వరండా ఆ చివర నుంచి అరిచింది. పనివాళ్ళంతా తలలు తిప్పారు. ఇప్పుడు వాళ్ళందరికీ నా పేరు తెలుసు.

"ఇంకా ఇక్కడే ఉన్నావా!" అంది. మంచి మనసుతోనే అంది. అదే దానితో ఇబ్బంది.

ఫిబ్రవరి 7, శుక్రవారం

రోజూ నాలుగు గంటలకి పెద్ద సిస్టర్ గదికి వెళ్ళి ఉత్తరాలూ పేపరూ చదివి వినిపిస్తాను. ఇరవై ఏళ్ళు హెడ్‌గా ఉన్నారు, ఇప్పుడు విశ్రాంతి. చూపు పోయి ఆరేళ్ళయింది. ఎవరైనా వస్తే నన్ను చూపించి, అంటే నేను ఉన్న వైపు చెయ్యి చూపించి, "ఇవి నా కళ్ళు" అంటారు.

ఇవాళ నాలుగింటికి గదిలో లేరు. కారిడార్లో ఉన్నారు, నిచ్చెనతో. అది ఆవిడ చెయ్యి పట్టుకుని గోడ మీద పెట్టి, "ఇక్కడేముంది సిస్టర్?" అని అడుగుతోంది.

"పగులు."

"ఎంత పొడుగు?"

"నీ అంత" అన్నారు సిస్టర్. ఇద్దరూ నవ్వారు.

నాలుగేళ్ళలో ఆవిడకి ఎన్ని పుస్తకాలు చదివి వినిపించానో. ఒక్కసారి కూడా అలా నవ్వించలేదు.

పేపరు చేతిలో పెట్టుకుని అరగంట నిలబడ్డాను. "ఇవాళ పేపరొద్దులేమ్మా, అలిసిపోయాను" అన్నారు.

ఫిబ్రవరి 12, బుధవారం

కారిడార్ గోడ పూతంతా ఊడదీయాలట. సున్నం మేస్త్రి వేలి కణుపుతో కొట్టి వినిపించాడు.

"వినండి అమ్మాయిగారూ. ఇక్కడ కొడితే గట్టిగా పలుకుతోందా? ఇప్పుడిక్కడ. డొల్ల. గోడ గోడే, పూత పూతే. మొగుడూ పెళ్ళాం ఒకే ఇంట్లో ఉండి మాటల్లేనట్టు."

"మీ ఇంట్లోలాగా?" అంది నిచ్చెన.

"మా ఇంట్లో మాటలే మేడంగారూ, మొగుడే లేడు. ఇరవై నాలుగ్గంటలూ మీ గోడల దగ్గరే ఉన్నాడు."

ఇప్పటి హెడ్ సిస్టర్ కూడా నవ్వారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, పనులయ్యేదాకా పెద్ద సిస్టర్‌ని ఒంటరిగా నడవనివ్వొద్దన్నారు. "పనయ్యాక కూడా ఆవిడ దారి వెతుక్కోలేకపోతే, ముసలి సిస్టర్ల కోసం మన వాళ్ళ విశ్రాంతి గృహం ఉంది. నాకిష్టం లేదు. కానీ ఆవిడ ఎక్కడైనా పడితే రేపు జవాబు చెప్పాల్సింది నేను."

ఆ గృహం ఉన్న ఊరికి రైల్లో ఒక పూట ప్రయాణం.

ఫిబ్రవరి 13, గురువారం

పెద్ద సిస్టర్ ఎలా నడుస్తారో ఎవరూ గమనించలేదు. నాకు తెలుసు, నేనూ అలాగే నడిచాను కాబట్టి. తలుపులున్న వైపు నడవరు, పిల్లలు దూసుకొస్తారు. ఎదుటి గోడ పట్టుకుంటారు. ఆ గోడంతా ఇసుక గరుకు. ఒక్కో తరగతి తలుపుకి ఎదురుగా మాత్రం నున్నగా ఉంటుంది. లోపలికి వెళ్ళే ముందు పిల్లలు వరసలో నిలబడి భుజం ఆనించిన చోటు. నూట ముప్పై ఏళ్ళ భుజాలు. గరుకు, నునుపు, గరుకు, నునుపు. నాలుగో నునుపు దాటాక ఒక మెట్టు దిగాలి. ఐదోది లైబ్రరీ.

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్ని.

ఫిబ్రవరి 16, ఆదివారం

అమ్మ దాన్ని భోజనానికి పిలిచింది. నన్నడక్కుండా, బజార్లో కనిపిస్తే.

వచ్చీ రాగానే అటక మీది పెద్ద గిన్నె స్టూలు లేకుండా దించింది. అమ్మ కళ్ళు మెరిశాయి. "మూడేళ్ళ నుంచి అడుగుతున్నానే తల్లీ, ఇది స్టూలెక్కితే కళ్ళు తిరుగుతాయంటుంది."

"కళ్ళు తిరిగినా పుస్తకం మాత్రం వదలదు కదా ఆంటీ."

"ఆ పుస్తకాలే పెళ్ళి చేసుకోమను."

ఇద్దరూ కలిసి నవ్వడానికి నేను బాగా పనికొస్తాను.

భోజనమయ్యాక, మెట్ల మీద కూర్చుని అది మామూలుగా అంది. "రెండేళ్ళ క్రితం ఎండాకాలం సెలవల్లో ఒక నెల ఇక్కడికొచ్చి సిస్టర్ దగ్గర ఉంటానని రాశాను. అప్పుడు నాకేం బాగోలేదులే, ఉద్యోగం మానేసి ఉన్నాను. జవాబు రాలేదు. ఆవిడ ఉత్తరాలన్నీ నువ్వే చదువుతావు కదా, నీకేమైనా గుర్తుందా?"

"చాలా ఉత్తరాలొస్తాయి" అన్నాను.

"అవునులే."

అబద్ధం కాదు. చాలా ఉత్తరాలొస్తాయి.

ఫిబ్రవరి 17, సోమవారం

ఆ ఉత్తరం నాలుగు పేజీలు. నిచ్చెన అక్షరాలు కోడి గీకినట్టుంటాయి. చివరి పేరాకి వచ్చేటప్పటికి సిస్టర్‌కి నిద్ర వస్తోంది. అందుకని ఆపేశాను. అంతే జరిగింది.

మార్చి 5, బుధవారం

కొత్త పూత ఎలా ఉండాలో తేల్చడానికి పెరటి గోడ మీద ఆరు నమూనాలు వేశారు. ఒక్కోటి పళ్ళెమంత. పక్కన బొగ్గుతో నంబర్లు. అన్నిట్లోనూ సున్నమే. ఇసుక మార్చారు, కొన్నిట్లో చలవరాతి పొడి కలిపారు. పెద్ద సిస్టర్ చేత్తో తాకి చెప్పాలట, ఏది పాత గోడలాగా ఉందో. ఆలోచన నిచ్చెనది. హెడ్ సిస్టర్‌కి ఎంత నచ్చిందో, అసెంబ్లీలో పిల్లలకి కూడా చెప్పారు.

మూడో నంబరు నిచ్చెన స్వయంగా కలిపి, స్వయంగా రుద్దింది. చేతులు మోచేతి దాకా తెల్లగా. ఐదోది మేస్త్రి పనితనం చూపించడానికి వేశాడు. "అద్దమండీ అద్దం. దువ్వెన తెచ్చుకోండి."

పన్నెండు రోజులు ఆరాలి.

మార్చి 17, సోమవారం

పెద్ద సిస్టర్ నమూనాలు తాకి చూశారు. ఐదో నంబరు ఎంచుకున్నారు. నమూనాల పుస్తకంలో రాసి సంతకం పెట్టాను.

మార్చి 18, మంగళవారం

నిచ్చెన పుస్తకం చూసింది. "ఐదా?" అంది. "నేను మూడనుకున్నానే."

"ఐదు."

పెరట్లోకి వెళ్ళి రెండింటి మీదా చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తాకింది. తిరిగొచ్చి, "ఆవిడ చెయ్యి ముందు నా చెయ్యెంతలే. ఆవిడ ఆరేళ్ళుగా ఆ గోడ పట్టుకుని నడుస్తున్నారు. ఐదంటే ఐదే" అంది.

వాదిస్తుందనుకున్నాను. వాదించాల్సింది.

మార్చి 19, బుధవారం

ఐదో నంబరు చూడ్డానికి కూడా బాగుంటుంది. మరక పడితే తుడుచుకోవచ్చు. మేస్త్రి అదే అన్నాడు.

మార్చి 27, గురువారం

నా బల్ల తీశారు. కిటికీ ఉన్న చోట తలుపంత కన్నం. అందులోంచి చూస్తే నిచ్చెన కనిపిస్తుంది, కొత్త గదుల పునాది గోడ మీద నిలబడి, ఎవరికో ఏదో చేతులతో చెబుతూ. ఇదివరకు అక్కడ ఆకాశం కనిపించేది.

ఏప్రిల్ 8, మంగళవారం

కారిడార్ సగం అయింది. తొమ్మిదో తరగతి పిల్లలు గోడలో చూసుకుని జడలు సర్దుకుంటున్నారు. అందరూ మెచ్చుకుంటున్నారు.

ఈ మధ్య నాలుగింటికి సిస్టర్ ముందు నిచ్చెననే అడుగుతున్నారు. "పొడుగుపిల్ల వెళ్ళిపోయిందా?" అని. తర్వాత, "సరే, నువ్వు చదువమ్మా."

సరే, నువ్వు చదువమ్మా.

ఏప్రిల్ 14, సోమవారం

పరంజా విప్పేశారు. పెద్ద సిస్టర్ రెండు నెలల తర్వాత ఒంటరిగా నడుస్తానన్నారు. హెడ్ సిస్టర్, నిచ్చెన, మేస్త్రి, నేను ఇటు లైబ్రరీ దగ్గర నిలబడ్డాం. ఆవిడ తన గది గుమ్మం దాటి గోడకి అరచెయ్యి ఆనించారు.

నాలుగడుగులు వేసి ఆగారు. చెయ్యి పైకీ కిందకీ కదిపారు. మళ్ళీ నడిచారు. మళ్ళీ ఆగారు. వేళ్ళు గోడ మీద వెతుకుతున్నాయి, చీకట్లో అగ్గిపెట్టె కోసం వెతికినట్టు.

"ఇది ఏ గోడ?" అన్నారు.

"మన కారిడారే సిస్టర్. మీరెంచుకున్న పూత" అంది నిచ్చెన.

"నేనెంచుకున్నానా?"

ఎవరూ మాట్లాడలేదు. నేను అందరికన్నా ఎక్కువ మాట్లాడలేదు.

ఆవిడ నడిచారు. ఇప్పుడు లెక్క లేదు, ఊరికే నడక. మెట్టు దగ్గర కాలు గాల్లోకి వేశారు. నిచ్చెన దూకి పట్టుకుంది కాబట్టి మోకాలు మాత్రం కొట్టుకుంది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయారు. తన కుడిచెయ్యి ఎడమచేతిలో పెట్టుకుని నిమురుకున్నారు, అది ఎవరి చెయ్యో అన్నట్టు.

"కళ్ళు పోయినప్పుడు చెయ్యి ఉంది కదా అనుకున్నాను" అన్నారు. "ఇదీ పోయిందన్నమాట."

ఏప్రిల్ 15, మంగళవారం

గదిలోంచి బయటికి రాలేదు. పేపరు వద్దన్నారు.

ఏప్రిల్ 16, బుధవారం

నాలుగింటికి పిలిచారు. ఉత్తరం రాయమన్నారు. విశ్రాంతి గృహానికి. జూన్‌లో గది ఖాళీ ఉంటే తను వస్తానని. పాత గోడకీ కొత్త గోడకీ తేడా తెలియని మనిషి పిల్లల మధ్య తిరగడం క్షేమం కాదని. ఆవిడ చెప్పారు, నేను రాశాను. ఒక్క తప్పు లేదు. నా దస్తూరీ మొదటి నుంచీ బాగుంటుంది.

"చదువు" అన్నారు. చదివాను. ఏదీ వదల్లేదు.

"రేపు పోస్టులో వేస్తాను" అన్నాను.

"తొందరేం లేదు. వారం పోనీ. పిల్లల పరీక్షలవనీ" అన్నారు. బల్ల సొరుగులో పెట్టించుకున్నారు.

ఏప్రిల్ 17, గురువారం

మూడు.

ఆవిడ చెయ్యి మూడు మీద ఉంది.

నమూనాలు తాకిన రోజు నిచ్చెన మాతోపాటే పెరట్లోకి వచ్చింది. వెనక కాంక్రీటు పోస్తున్నవాళ్ళు కేకేస్తే, "బల్లీ, నువ్వు రాసుకో" అని పరుగెత్తింది. మేస్త్రి భోజనానికి వెళ్ళాడు. మేమిద్దరమే. సిస్టర్ ఒకటి తాకారు, రెండు తాకారు. మూడు దగ్గర అరచెయ్యి మొత్తం పరిచి ఆగిపోయారు. ఆ ముఖం ఎన్నాళ్ళకి చూశానో. మిగతావి కూడా తాకి, మళ్ళీ వెనక్కి వచ్చి మూడు మీదే చెయ్యి పెట్టారు.

"ఇదే. ఇది నా గోడ. పొడుగుపిల్ల వేసిందా ఇది? ఒకటి తన చేత్తో వేస్తానంది."

నేను జవాబు చెప్పలేదు.

"దాని చేతిలో ఏదో ఉందమ్మా" అన్నారు. "ఇది ఎన్నోది?"

"ఐదు, సిస్టర్."

ముందుగా అనుకోలేదు. అంత తేలిగ్గా వచ్చింది. నేను ఏం చదివితే ఆవిడకి అదే ఉంటుంది. ఇన్నేళ్ళూ అలాగే జరిగింది. ఐదో నంబరులో గరుకు ఉండదని, నునుపు లెక్కపెట్టడం కుదరదని నాకు తెలుసు. ఆ క్షణం తెలియదని రాయాలని ఉంది. తెలుసు.

ఏప్రిల్ 19, శనివారం

చెప్పాలి. సోమవారం.

ఏప్రిల్ 21, సోమవారం

చెప్పలేదు. హెడ్ సిస్టర్ గదిలో మీటింగు ఉంది.

ఏప్రిల్ 22, మంగళవారం

ఆ మీటింగులో ఏం జరిగిందో ఇవాళ మేస్త్రి చెప్పాడు. తప్పంతా తనదేనని నిచ్చెన ఒప్పుకుందట. పళ్ళెమంత ముక్క తాకించి నూరడుగుల గోడ తేల్చడం తన తెలివితక్కువతనమట. ఇంత పెద్ద పని తనకి మొదటిదని, ఈ కారిడార్ మరొకరికి అప్పగించమని తనే అడిగిందట.

"మేడం ముఖం చూడాలి అమ్మాయిగారూ. సున్నం తొట్టిలో పడ్డ పిల్లిలాగుంది."

లైబ్రరీలోకి వచ్చి తలుపేసుకున్నాను. జాలి కలగాలి. కలగలేదు. కోపం వచ్చింది. మొదటి ర్యాంకు తీసుకుంది. అమ్మని తీసుకుంది, సిస్టర్‌ని తీసుకుంది, నా కిటికీ తీసుకుంది. చివరికి తప్పు కూడా తనే తీసేసుకుంది. నాకంటూ ఒక్కటి మిగల్చదా?

ఆ తప్పు నాది. దాన్ని ఇవ్వను.

ఏప్రిల్ 23, బుధవారం

నాలుగింటికి నమూనాల పుస్తకం పట్టుకెళ్ళాను.

"ఇవాళ పేపరు కాదు సిస్టర్. ఇది చదువుతాను." చదివాను. "మార్చి పదిహేడు. నమూనా నంబరు ఐదు. ఎంపిక, పెద్ద సిస్టర్. రాసినది, లైబ్రేరియన్. ఇందులో ఐదని ఉంది. మీ చెయ్యి మూడు మీద ఉంది. మీరడిగితే ఐదని చెప్పాను."

కిటికీ బయట పిల్లలు గంట కోసం ఎదురుచూస్తూ గోల చేస్తున్నారు. గంట కొట్టారు. గోల ఆగింది.

తర్వాత కుడిచెయ్యి ముఖం ముందుకి తెచ్చుకున్నారు, చూస్తున్నట్టే. బొటనవేలితో ఒక్కో వేలి కొసా తాకారు.

"అయితే చెయ్యి ఉంది" అన్నారు.

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవద్దనలేదు.

"ఎందుకమ్మా?"

"మీరు దాన్ని..." అన్నాను. మిగతాది రాలేదు.

"ఊఁ. ఇంకా ఏమేం వదిలేశావు?"

ఆ ఉత్తరం నా దగ్గరే ఉంది. రెండేళ్ళుగా నిఘంటువులో పెట్టి ఉంచాను, ఎందుకో తెలియదు. వెళ్ళి తెచ్చాను. చివరి పేరా చదివాను. "సిస్టర్, నాకిక్కడ ఏమీ బాగోలేదు. ఈ సెలవల్లో ఒక నెల మీ దగ్గరికి రానా? బల్లి నాకు లైబ్రరీలో చోటిస్తుంది. వద్దంటే వద్దని రాయండి, ఏమీ అనుకోను."

సిస్టర్ కళ్ళు మూసుకున్నారు. మూసుకుంటే తేడా ఉంటుందని నాకు ఇవాళే తెలిసింది.

"పొడుగుపిల్లని పిలువు" అన్నారు. "నువ్వు చెప్పు. నా ఎదురుగా."

చెప్పాను. రెండూ. నిచ్చెన గోడ విషయానికి తలూపింది. ఉత్తరం విషయానికి కుర్చీలో కూర్చుంది.

"గోడదేముందే" అంది. "గీకేసి మళ్ళీ వేస్తాం. ఆ ఎండాకాలం మొత్తం పోస్టుమాన్ కోసం చూశాను. దాన్నెలా గీకుతావ్?"



లేచి వస్తుంటే సిస్టర్, "రేపటి నుంచి తొమ్మిదో తరగతి పిల్లలు చదువుతారులే" అన్నారు. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

సొరుగులో ఉన్న విశ్రాంతి గృహం ఉత్తరం సంగతి ఎత్తలేదు.

ఏప్రిల్ 30, బుధవారం

నాలుగు గంటలు. ఏం చెయ్యాలో తెలియలేదు. పుస్తకాలకి దుమ్ము దులిపాను.

మే 6, మంగళవారం

సెలవులు. ఐదో నంబరు గీకేస్తున్నారు. కారిడార్ నిచ్చెన చేతిలోనే ఉంచారు. హెడ్ సిస్టర్ నాతో ఒక్క మాటే అన్నారు. "స్కూలు తెరిచేనాటికి ఆవిడ ఒంటరిగా నడిచి చూపించాలి. లేకపోతే ఆ ఉత్తరం పోస్టు చెయ్యమని ఆవిడే అడుగుతారు. నేను ఆపలేను."

మేస్త్రికి కూడా సంగతి తెలిసింది. నన్ను చూసి తాపీ పక్కన పెట్టాడు. "అద్దం అన్నాను కదా అమ్మాయిగారూ. ఎవరి ముఖం వాళ్ళకి బాగానే కనపడింది."

మే 9, శుక్రవారం

నిచ్చెన దగ్గరికి వెళ్ళాను. అది నా వైపు చూడకుండా కొలతలు రాసుకుంటోంది. సుద్దముక్క తీసుకుని, కళ్ళు మూసుకుని, గోడకి చెయ్యి ఆనించి, సిస్టర్ గది దగ్గర నుంచి నడిచాను. పూత లేదు, ఒట్టి ఇటుక. అయినా కాళ్ళకి తెలుసు. నున్నగా ఉండే చోటల్లా అటొక గీత, ఇటొక గీత పెట్టాను. ఐదు చోట్ల. నడుము ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా.

"ఏంటివి?"

చెప్పాను. గరుకు, నునుపు, నాలుగో దాని తర్వాత మెట్టు.

అది గీతల మధ్య దూరం కొలిచింది. ఎదుటి తలుపులు కొలిచింది. సరిపోయాయి. చాలాసేపు ఆ గీతల వైపు చూసి, "ఇది నేను ఎప్పటికీ కనిపెట్టలేకపోయేదాన్ని" అంది. తర్వాత, "ఇది చెప్పి ఉంటే నిన్ను నెత్తిన పెట్టుకునేదాన్ని కదే, దరిద్రప్దానా."

పదహారు రోజుల తర్వాత మొదటి మాట.

మే 21, బుధవారం

మూడో నంబరు పైకెక్కుతోంది. నునుపు చోట్లని గుండ్రాయితో రుద్దాలి. నాలుగు చోట్లు నిచ్చెనా మేస్త్రీ చేశారు. లైబ్రరీ దగ్గరి ఐదోది మిగిలింది. మేస్త్రి రాయి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"నాకు రాదు."

"పుస్తకం తుడిచినట్టు తుడవండి. కాకపోతే వెయ్యిసార్లు."

చేతితొడుగులు వేసుకున్నా సున్నం మండింది. మధ్యాహ్నానికి భుజం లేవలేదు. నిచ్చెన పరంజా మీద నిలబడి పైభాగం సాపు చేస్తోంది, నేను కింద రుద్దుతున్నాను. ఒకసారి పైనుంచి నీళ్ళ సీసా దించింది. తాగి పైకి అందించాను.

మే 23, శుక్రవారం

నాది సరిగా రాలేదు. అలలు అలలుగా వచ్చింది. మేస్త్రి చూసి, "ఇక ముట్టుకోకండి, పూత గట్టిపడిపోయింది" అన్నాడు. నిచ్చెన రుద్దినవి పక్కనే ఉన్నాయి. వాటిని చూడకుండా ఇంటికొచ్చాను.

జూన్ 9, సోమవారం

స్కూలు తెరిచారు. పిల్లలు రాకముందే, ఏడింటికి, పెద్ద సిస్టర్ గది గుమ్మంలో నిలబడ్డారు. ఎవరూ సాయం రావద్దన్నారు. హెడ్ సిస్టర్ మెట్టు పక్కన నిలబడ్డారు, చేతులు కట్టుకుని కాదు, చాచడానికి సిద్ధంగా.

అరచెయ్యి గోడకి ఆనించారు. అలాగే ఉండిపోయారు. ఆ ముఖం మళ్ళీ చూశాను, పెరట్లో చూసిన ముఖం.

నడిచారు. పెదాలు కదులుతున్నాయి. ఒకటి. రెండు. మూడు. నేనూ లోపల లెక్కపెడుతున్నాను. నాలుగు. రెండడుగులు. కాలు కిందకి దించారు. మెట్టు అక్కడే ఉంది.

మేస్త్రి తలగుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. చెమట అన్నాడు.

లైబ్రరీ గుమ్మం దగ్గర ఆవిడ ఆగిపోయారు. వేళ్ళు వెనక్కీ ముందుకీ కదిలాయి.

"ఇక్కడ చెయ్యి మారింది. ఎవరిది?"

"నాది సిస్టర్."

"అలలుగా ఉంది."

"మళ్ళీ వేయిస్తాను."

"వద్దు. ఉండనీ. లైబ్రరీ వచ్చిందని తెలుస్తుంది."

లోపలికి వచ్చి, ఇదివరకు నా బల్ల ఉన్న చోట, కొత్త తలుపు పక్క కుర్చీలో కూర్చున్నారు. జేబులోంచి ఆ విశ్రాంతి గృహం ఉత్తరం తీసి నా వైపు చాచారు. "ఇది నీ దస్తూరీయే కదా. నువ్వే చించు."

నాలుగు ముక్కలు చేశాను. మళ్ళీ నన్ను పేపరు చదవమంటారేమో అనుకున్నాను. అనలేదు. తొమ్మిదో తరగతి పిల్ల పేపరు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

నిచ్చెన మోకాళ్ళ మీద కూర్చుని చిన్నపిల్లలా అడిగింది. "సిస్టర్, నేను రుద్దినవి ఏవో చెప్పండి చూద్దాం."

సిస్టర్ ఆలోచించారు. "తెలియలేదమ్మా. అంతా పాత గోడలాగే ఉంది."

అంతకన్నా మంచి మాట ఏ ఇంజనీరుకీ దొరకదు. నిచ్చెన ముఖం వెలిగిపోయింది.

కానీ ఆవిడ చేతికి తెలిసినది నాది ఒక్కటే. ఇది రాస్తూ సంతోషపడుతున్నాను. పడకూడదు.

పడుతున్నాను.